మామీర్‌లో కోనసీమ: పెరడు పెంచేవారికి తిరుగులేని చిట్కాలు

బహ్రెయిన్‌లోని మామీర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, ముందు నాలుగు మంచాలు పట్టే హౌష్ అనే వాకిలితో సహా అద్దెకి దొరికిందా? అయితే మీకు సలహా చెప్పడం నా బాధ్యత. ఒక పక్క 1936 నుంచి నడుస్తున్న రిఫైనరీ, మిగతా పక్కల ఫ్యాక్టరీలు, గ్యారేజీలు, నడుమ ఊరు. ఇలాంటి చోట దిగినా గోదావరి మనిషికి ముందు తోచేది ఒకటే: ఆ మూల కొబ్బరి చెట్టు, ఈ మూల రెండు అరటి పిలకలు, గుమ్మం పక్కన కరివేపాకు. ఆ ఆలోచనకి నేల, నీరు, ఎండ అడ్డు రాకుండా ఎలా కాపాడుకోవాలో చెబుతాను.

ముందు మాట: నేలని తవ్వి చూడకండి. చూస్తే జానెడు లోతులో పాత సిమెంటు గడ్డలు, విరిగిన బ్లాకులు, ఆ కింద గవ్వలు కలిసిన తెల్లటి మన్ను కనబడి మనసు పాడవుతుంది. ఇక్కడి మట్టిలో సున్నమూ ఎక్కువే, ఉప్పూ ఎక్కువే. తెలిసినవాళ్ళు గుంట పెద్దగా తీసి, ఆ మన్ను పారబోసి, ఉప్పు తక్కువున్న స్వీట్ సాయిల్ తెప్పించి, పేడ ఎరువు కలిపి నింపుకుంటారు. మీరు మాత్రం మొక్క కుండీ ఎంత ఉందో అంతే గుంట తీయండి. మొక్కకి కష్టం తెలియాలి.

ముహూర్తం విషయంలో రాజీ పడొద్దు. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటాక వస్తుంది, మన తాతలు అప్పుడే నాటారు, మీరూ అప్పుడే నాటండి. బహ్రెయిన్‌లో ఏడాది మొత్తం మీద పడే వాన సగటున 70, 80 మిల్లీమీటర్లు, అదీ నవంబరుకీ ఏప్రిల్‌కీ మధ్యనే అంటారు. అనుకోనివ్వండి. ఇక్కడివాళ్ళు సెప్టెంబరు దాటాక విత్తుకుని చలికాలమంతా కోసుకుంటారట. పంచాంగం చూడనివాళ్ళతో మనకేం పని?

నీళ్ళు మధ్యాహ్నం రెండింటికి పోయాలి. ఎండలో పనిచేసేవాళ్ళకి మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా పని ఆపాలని 2007 నుంచి ఇక్కడ నిబంధన ఉంది. మొదట జులై, ఆగస్టు నెలలకే ఉండేది, 2025లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పెంచారు. అది పనివాళ్ళకి. మొక్కకి వర్తిస్తుందని ఎక్కడా రాయలేదు. పైగా ఆ వేళకి మేడమీద ట్యాంకులో నీళ్ళు స్నానానికి చన్నీళ్ళు కలుపుకోవాల్సినంత కాగి ఉంటాయి. పైపు విప్పి ఆ నీళ్ళే మొక్క మొదట్లో పట్టండి.

మా వెనక సందు లేబర్ క్యాంపులో కరీంనగర్ తమ్ముడు ఒకడున్నాడు, ఏసీ మెకానిక్. గోడ మీంచి తొంగిచూసి, "అన్నా, గా నీళ్ళు పోస్తే ఏర్లు ఉడుకుతయే. పొద్దుగాల పొయ్యి. రోజింత చిలకరిస్తే ఉప్పు మీదికొస్తది. రెండొద్దులకోపారి నిండుగ పొయ్యి, ఉప్పు కిందికి దిగుతది" అన్నాడు. "మాది అమలాపురం తమ్ముడూ, మాకు చెబుతావా?" అన్నాను. రోజూ ఇంత చిలకరిస్తే నేల మీద తెల్లటి పొర కడుతుంది. నేల శుభ్రపడుతోందనడానికి అదే గుర్తు. ఆకుల అంచులు మాడితే నీళ్ళు చాల్లేదని ఇంకోసారి చిలకరించండి. 2016 నుంచి ప్రవాసుల నీళ్ళ బిల్లు మీద సబ్సిడీ అంచెలంచెలుగా తీసేశారు కాబట్టి, నెలాఖరున మీ శ్రద్ధ ఎంతో అంకెల్లో కూడా తెలుస్తుంది.

ఆ తమ్ముడే ఏసీ పైపు కింద బకెట్లు పెడతాడు. ఆగస్టు ఉక్కపోతలో రాత్రికి రాత్రి బకెట్ నిండిపోతుంది. ఆ నీళ్ళలో ఉప్పు ఉండదని, అవి తన కరివేపాకు కుండీకి పోస్తాడు. ఉప్పు లేని తిండి మనిషికే సయించదు, మొక్కకి సయిస్తుందా? మీ ఏసీ నీళ్ళు పక్కింటి గోడకి కారనివ్వండి.

ఇక కరివేపాకు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బహ్రెయిన్‌లో తెలుగు ఇంటి పరువు దీని మీదే ఉంది. బుదయ్యా రోడ్డు నర్సరీలో పచ్చగా నవ్వే మొక్క కొంటారు. నెల తిరిగేసరికి కొత్త ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. సున్నపు నేలలో ఇనుము ఉన్నా వేళ్ళకి అందదని, ఇలాంటి నేలలోనూ పనిచేసే చీలేటెడ్ ఐరన్ ఒకటి ఎర్రపొడిగా దొరుకుతుందని, నీళ్ళలో కలిపి పోస్తే చిగురు తేరుకుంటుందని నర్సరీవాళ్ళు చెబుతారు. వినకండి. మా అమ్మమ్మ చెప్పిన వైద్యం పొయ్యి బూడిద. ఇక్కడ పొయ్యి లేదు కనుక శుక్రవారం బార్బెక్యూ చేసిన బొగ్గుల బూడిద దోసిళ్ళతో వేయండి. సున్నానికి బూడిద తోడైతే నేల క్షారం ఇంకాస్త పెరుగుతుంది, ఆకుల పసుపు నిమ్మపండు రంగుకి తిరుగుతుంది. అది కూడా చాలకపోతే మొదట్లో ఇనుప మేకులు పాతిపెట్టండి. మామీర్‌లో తుక్కు ఇనుముకి కరువా? ఏ గ్యారేజీ ముందు వంగినా గుప్పెడు నట్లు దొరుకుతాయి.

పులిసిన మజ్జిగ పోయాలని కొందరంటారు. పోయండి, కాకపోతే ఉప్పు, జీలకర్ర వేసిన ప్యాకెట్ మజ్జిగ అయితే మీకు శ్రమ తక్కువ.

కుండీలు కొనడం దండగ. వర్క్‌షాపుల దగ్గర నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు ఉంటాయి. సగానికి కోయించుకోండి. లోపల అంతకుముందు ఏముండేదో అడగకండి, డ్రమ్ము మీద పుర్రె బొమ్మ ఉంటే లోపలివైపు తిప్పి పెట్టుకోండి. అడుగున చిల్లులు పెడితే హౌష్ టైల్స్ మరకలవుతాయి, వద్దు.

అన్నీ పోయి హౌష్ బోసిగా ఉంటే కోనోకార్పస్ నాటండి. గల్ఫంతటా కంచెగా పెంచేది ఇదే, ఏ నేలకీ వంక పెట్టదు. డ్రైనేజీ పైపు పక్కనే నాటితే దాని నీళ్ళు అదే వెతుక్కుంటుంది. తెలంగాణలో హరితహారం కింద రోడ్ల వెంట నాటి, తర్వాత వద్దనుకున్న చెట్టు ఇదేనని తమ్ముడు అడ్డుపడతాడు. మీరు అగ్రిమెంటు ముగిశాక వెళ్ళిపోతారు. పైపు ఇంటి ఓనరు అర్బాబుది.

గోంగూర, మునగ మాత్రం వేయకండి. అవి ఈ ఎండకి బతికేస్తాయి. దాని వల్ల మీ పనితనమేమిటో లోకానికి తెలియదు. తమ్ముడు గోంగూర వేశాడు, క్యాంపు మొత్తానికీ పంచుతున్నాడు, మా ఇంటికీ వారం వారం కట్ట పంపుతున్నాడు. పచ్చడి బాగానే ఉంటుంది, అది వేరే సంగతి.

సెలవు రోజున పిల్లలతో జబల్ దుఖాన్ వైపు వెళతారు. 1932లో చమురు పడింది అక్కడే. ఆ దగ్గర్లో, ఇసుకదిబ్బ మీద, చుట్టూ మరో చెట్టన్నది లేకుండా, నాలుగు వందల ఏళ్ళ నాటిదని చెప్పే చెట్టు ఒకటుంది. షజరత్ అల్ హయాత్ అంటారు, టూరిస్టు బస్సులు ఆగుతాయి. తీరా చూస్తే మన జమ్మి. దసరా నాడు ఆకు కోసుకునే చెట్టే, తెలంగాణ రాష్ట్ర వృక్షమే. ఎవరూ చిలకరించకుండా, బూడిద చల్లకుండా, వేళ్ళు లోతుకి దింపుకుని నిలబడింది. అక్కడ ఎక్కువసేపు నిలబడితే లేనిపోని ఆలోచనలు వస్తాయి. ఫొటో దిగి వచ్చేయండి.

చివరిగా వీడియో కాల్. ఇంటి దగ్గర పెద్దవాళ్ళు మీ పెరడు చూపించమంటారు. ఫోను నడుం ఎత్తు దాటనివ్వకండి. క్యాంపు గోడ దగ్గర ఎడమవైపు నిలబడితే వెనక తమ్ముడి మునగ కొమ్మ, కింద గోంగూర మళ్ళు చక్కగా పడతాయి. తమ్ముడు డ్యూటీకి వెళ్ళాకే కాల్ చేయండి, లేకపోతే మధ్యలో "నమస్తే అమ్మా, ఇయ్యి నేనే పెట్టిన" అంటాడు. కరివేపాకు ఏదిరా అని అమ్మ అడిగితే షమాల్ గాలి లేచిందని, దుమ్ములో ఏమీ కనబడటం లేదని చెప్పి ఫోన్ పెట్టేయండి.