బ్రిడ్జి పద్యము: టీకా తాత్పర్యసహితము

అవతారిక: వర్చువల్ మెషీన్లకు ఇంటి నెట్‌వర్క్‌లో చోటిత్తునని లినక్స్ సర్వరులో బ్రిడ్జి కట్టబోయి, ఎస్‌ఎస్‌హెచ్ విండో బిగుసుకొనిపోగా బిక్కచచ్చిన శిష్యునితో గురువు పలుకుచున్నాడు.

వంతె నొకటి కట్టి వైరును జొప్పించ
నున్న దారి కూడ నూడిపోవు
మూడు పదుల సెకను మోమున చెమటోడఁ
గేబు లంటకున్న గెలుపు నీదె

ప్రతిపదార్థము: వంతెన + ఒకటి = బీఆర్‌జీరో అనెడి బ్రిడ్జిని; కట్టి = సృష్టించి; వైరును = ఈత్‌జీరో అను పోర్టును; చొప్పించన్ = అందు చేర్చగా; ఉన్న దారి కూడన్ = అంతవరకు నిక్షేపముగా నడచిన కనెక్షను సైతము; ఊడిపోవున్ = తెగును; మూడు పదుల సెకను = ముప్పది సెకన్లు (బహువచనమును గణములు మింగినవి); మోమునన్ = ముఖమున; చెమట + ఓడన్ = చెమట కారుచుండగా; కేబుల్ + అంటక + ఉన్నన్ = కేబులు జోలికి పోకున్నచో; గెలుపు, నీదె = స్పష్టము.

తాత్పర్యము: పోయిన నెట్ దానంతటదే వచ్చును. కదలకుము.

విశేషములు: ముప్పది ఏల? స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ నడచు బ్రిడ్జిలో కొత్త పోర్టు వెంటనే పనికి దిగదు. ఈథర్నెట్ ఫ్రేముకు ఆయుర్దాయము లేదు. దారిలో వలయము పడెనా, తిరుగుచునే ఉండును. అందుచే పోర్టు 15 సెకన్లు ఆలకించును, 15 సెకన్లు మ్యాక్ చిరునామాలు నేర్చుకొనును, పిమ్మటనే ఫ్రేములను దాటనిచ్చును. నెట్‌వర్క్ మేనేజర్ కట్టు బ్రిడ్జిలో ఈ నియమము అడుగకయే ఆన్ అయి ఉండును. నడుమ కేబులు పీకి పెట్టినవానికి లెక్క మరల మొదటినుండి. నాలుగవ పాదము పుట్టినది వానికొరకే. 1985లో డెక్ కంపెనీలో స్పానింగ్ ట్రీని రూపొందించిన రేడియా పెర్ల్‌మన్ తన పరిశోధన పత్రములో దీనిపై ఒక పద్యము కూడ అచ్చువేసినది. కావున ఇది పద్యమునకు తగని వస్తువను లాక్షణికుల మాట చెల్లదు.

ఆక్షేపణ: "అరగంటయైనను రాలేదే?" అది వేచిన కుదురు రోగము కాదు. ఐపీ ఇంకను ఈత్‌జీరో మీదనే కూర్చున్నది. చేరిన పోర్టు వచ్చిన ఫ్రేములన్నిటిని బ్రిడ్జికి అప్పగించును గనుక ఐపీ, గేట్‌వే రూటు రెండును బీఆర్‌జీరోకు మారవలెను. కవి దీనిని చెప్పలేదు. "కట్టి" అనుటలోనే ధ్వనించినదని కొందరందురు; నాకు వినబడలేదు.

మరియొక చిక్కు: బ్రిడ్జి మ్యాక్ వేరైనచో డీహెచ్‌సీపీ సర్వరు కొత్త యంత్రమనుకొని వేరొక ఐపీ ఇచ్చును. శిష్యుడు పాత ఐపీకి ఎస్‌ఎస్‌హెచ్ కొట్టి కొట్టి ఏడ్చుచుండును. సర్వరు కొత్త చిరునామాలో హాయిగా ఉండును.

నెట్‌ప్లాన్‌తో నెట్‌వర్కు అమర్చు సర్వరులో, దూరమునుండి చేయువారికి "నెట్‌ప్లాన్ ట్రై" అను ఆదేశము కలదు: 120 సెకన్లలో ఎంటర్ నొక్కనిచో పాత అమరికకు మరలును. బ్రిడ్జికి ప్రత్యేక పారామీటర్లు వ్రాసినచో మాత్రము వెనుకకు త్రిప్పలేనని ముందే చేతులెత్తును. అప్పుడు కీబోర్డు, మానిటరు చంకన పెట్టుకొని సర్వరు వద్దకే పోవలెను.

ఛందస్సు ఆటవెలది. వైఫై కార్డును బ్రిడ్జిలో చేర్చబూనువారి కష్టము ఇందులో ఇమడదు. దానికి సీసము కావలెను.