ఎకోక్రోమ్ సూత్రపంచకం: పోచంపల్లి టీకా తాత్పర్య సహితం

అవతారిక

కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ రెండు ఒట్లు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయనని ఒకటి, అక్కర్లేనిది చెప్పనని రెండోది. కొలిచెలమ అంటే మెదక్ పక్కనున్న ఇప్పటి కొల్చారం. మన తెలంగాణవాడే కదా అని ఆ ఒట్లు మేమూ పెట్టుకోబోయాం. మొదటిది నిలబెట్టుకుంటాం. రెండోది నిలబెట్టుకుంటే వ్యాఖ్య ఇక్కడితో సరి.

వ్యాఖ్యకెత్తుకున్న గ్రంథం ఎకోక్రోమ్. 2008లో సోనీ కంపెనీ ప్లేస్టేషన్ పోర్టబుల్, ప్లేస్టేషన్ 3 యంత్రాల కోసం తెచ్చిన వీడియో గేమ్. జపాన్‌లో ముగెన్ కైరో అంటారు, అంటే అంతులేని వసారా. దీని మూలాలోచన జున్ ఫుజికి అనే జపాను కళాకారుడిది. గ్రంథ స్వరూపం అత్యల్పం: తెల్లటి తెర, నల్లటి గీతలు, ఆ గీతలతో కట్టిన మెట్లు, దారులు, స్తంభాలు. వాటి మీద బట్టల దుకాణం ముందర చీర కట్టి నిలబెట్టే బొమ్మలాంటి మనిషి ఒకడు తన మానాన తాను నడుస్తుంటాడు. ఆడేవాడు అతణ్ణి పట్టి నడిపించడు, కొత్త దారి వేయడు, అడ్డు తొలగించడు. కట్టడం మొత్తాన్నీ అటూ ఇటూ తిప్పుతాడు. తిప్పినప్పుడు ఎట్లా కనిపిస్తే బొమ్మకు అదే నిజం. అక్కడక్కడ నిలబడ్డ నీడమనుషులను చేరుకుంటే ఘట్టం ముగుస్తుంది. రంగుల్లేవు, కథ లేదు, చంపడానికి శత్రువు లేడు. వెనక తీగవాద్యాలు మోగుతుంటాయి.

వ్యాఖ్య జరిగిన చోటు భూదాన్ పోచంపల్లి. నిన్నటి నల్లగొండ, ఇవాళ్టి యాదాద్రి భువనగిరి జిల్లా. పూర్వపక్షం మా మేనల్లుడిది. యంత్రం వాడి చేతిలో ఉంది. సిద్ధాంతం మా పెదనాయనది. మగ్గం ఆయన ముందుంది. ఈ టీకకు చిట్కిక అని పేరు పెట్టాం. నూలుకు ముందే కట్లు కట్టి రంగు ముంచి, ఆ తర్వాత నేసే పనిని బయట ఇక్కత్ అంటారు గానీ ఈ ఊళ్లో చిట్కి అనే అంటారు. సూత్రాలు ఐదూ గేమ్ మొదట్లో నేర్పే నియమాలే. వాటిని తెలుగులో కుదించిన పాపం మాది.

ప్రథమ సూత్రం

తాకినట్టు కనిపించినవి తాకినవే.

ప్రతిపదార్థం: తాకినట్టు = ఒక దారి అంచు మరొక దారి అంచును తెరమీద ముట్టినట్టుగా; కనిపించినవి = చూచువాని కంటికి తోచినవి (చూచువాడనగా ఆడువాడు, బొమ్మకు కన్నులు లేవు గనుక); తాకినవే = నిశ్చయముగా తాకినవి. ఇచ్చటి ఏకారము సందేహమును మెడబట్టి గెంటుచున్నది.

తాత్పర్యం: రెండు దారుల మధ్య ఎంత దూరమైనా ఉండనీ, తిప్పిన కోణంలో అంచులు కలిసినట్టు తోస్తే చాలు, బొమ్మ ఒకదాని మీంచి రెండోదాని మీదికి నడిచిపోతుంది.

విశేషాలు: ఇది భ్రాంతిమదలంకారమని తొందరపడేవారున్నారు. పొసగదు. భ్రాంతి అనాలంటే నిజం వేరే ఎక్కడో ఉండాలి. తాడును పామనుకున్నవాడికి దీపం తెస్తే తాడు మిగులుతుంది. ఇక్కడ దీపం తెచ్చినా పామే, అదీ బుస కొడుతూ. మరి మయసభ కాదా అంటారా? అదీ కాదు. నన్నయగారి సభాపర్వంలో చదివినా, 1977 నాటి దానవీరశూరకర్ణలో రామారావుగారిని చూసినా సుయోధనుడి కష్టం ఒకటే. నేల అనుకున్నచోట నీళ్లున్నాయి. ఎకోక్రోమ్ శాస్త్రం ప్రకారం అది నేలగా కనిపించింది కాబట్టి నేలే అయ్యేది. ఆయన బట్టలు తడిసేవి కావు, ఎవరికీ నవ్వే పని పడేది కాదు. మయుడు కంటిని మోసం చేసి నేలను దాచుకున్నాడు. ఫుజికి నేలనే తెచ్చి కంటికి అప్పజెప్పాడు.

ఇది ఎట్లా సాధ్యమంటే, పొడుగు వెడల్పు లోతు మూడూ ఉన్న వస్తువును చదునైన తెర మీదికి దించితే లోతు పోతుంది. దగ్గరిదీ దూరపుదీ ఒకే గీత మీద పడొచ్చు. మామూలు గేమ్ లోపల పోయిన లోతును లెక్కలో దాచుకుని, బొమ్మ కాలు జారితే ఆ లెక్క చూసి పడేస్తుంది. ఎకోక్రోమ్ మాత్రం తెరమీద పడ్డ గీతలనే ప్రమాణంగా తీసుకుంటుంది. ఈ కొంటెతనానికి వంశవృక్షం ఉంది. 1934లో స్వీడన్ చిత్రకారుడు ఆస్కార్ రాయిటర్స్‌వార్డ్ తొమ్మిది ఘనాలను పేర్చి, ఎక్కడా కట్టలేని త్రిభుజం గీశాడు. 1958లో లయొనెల్, రోజర్ పెన్రోజ్ తండ్రీకొడుకులు అటువంటి త్రిభుజాన్నే మనస్తత్వశాస్త్ర పత్రికలో అచ్చు వేయించారు. ఆ వ్యాసం చూసిన డచ్చి చిత్రకారుడు ఎషర్ 1960లో ఎంత ఎక్కినా మొదటికే వచ్చే మెట్లను, 1961లో తన నీటితో తానే తిరిగే జలపాతాన్ని గీశాడు. రోజర్ పెన్రోజ్‌కు 2020లో నోబెల్ వచ్చింది. త్రిభుజానికి కాదు, కృష్ణబిలాల లెక్కకు. అవీ కనిపించనివే గనుక ప్రస్తావించాం. 2014లో లండన్ నుంచి వచ్చిన మాన్యుమెంట్ వ్యాలీ అనే గేమ్ ఈ గోత్రంలోదే. రంగులూ రాకుమారీ చేరడంతో దానికి లోకంలో ఎక్కువ పేరొచ్చింది. మా ఓటు గీతలకే.

సిద్ధాంతం: పూర్వపక్షి గేమ్ చూపించి, "చూడు తాతా, కలిసినట్టు కనబడితే చాలు, కలిసిపోతయి" అన్నాడు. పెదనాయన నాడె ఆపలేదు. "గట్ల కనవడంగనే అతుకుతె, నేనెందుకు కూసుంట బిడ్డా పొద్దస్తమానం?" అన్నాడు.

ఈ వాక్యానికి టీక అవసరం. పేక మీద చిలుక రావాలనుకోండి. ముందు గ్రాఫు కాగితం మీద గడి గడికీ లెక్క వేసుకుంటారు. నూలును ఆసు మీద పోస్తారు. ఒక కొనన మేకు, ఎదురుగా అర్ధచంద్రంలో వరుస మేకులు. చెయ్యి ఆ కొన నుంచి ఈ కొనకు ఒక్క చీరకే వేలసార్లు పోయి రావాలి. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మికి భుజం నొప్పి పట్టుకుంటే, ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు పోసే యంత్రం చేసి ఆమె పేరే పెట్టాడు. మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది. ఆసు అయ్యాక రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు బిగించి కడతారు, రంగులో ముంచుతారు, విప్పి మళ్లీ ఇంకోచోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. అప్పుడు కండెలు చుడతారు. కండె మీద ఉన్నది ఎవరు చూసినా మరకల దారమే. చిలుక ఎక్కడా లేదు. పడుగుకూ పేకకూ రెండింటికీ కట్లు కట్టిన చీరైతే పేక మీది మచ్చ వచ్చి పడుగు మీది మచ్చ మీదే కూర్చోవాలి. నూలు పోగంత జరిగితే ప్రతి పోగుకూ చేత్తో లాగి సర్దాలి. పెదనాయన నాడె ఆగకపోయినా వేలు మాత్రం అంచు దగ్గర ఆగి ఆగి పోతోంది. తాకినట్టు కనిపించడానికి ముందు నిజంగా తాకించాలని ఆయన భావం.

ద్వితీయ సూత్రం

కింద కనిపించినది కిందనే ఉన్నది.

తాత్పర్యం: బొమ్మ కిందికి పడితే, తెర మీద సరిగ్గా దిగువన ఏ మెట్టు కనిపిస్తోందో దాని మీదే దిగుతుంది. ఆ మెట్టు నిజానికి పక్క ఊళ్లో ఉన్నా సరే.

విశేషాలు: ఈ నియమం ఈ ఊళ్లో చెల్లదని చరిత్ర. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి వచ్చినప్పుడు 40 దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడిగాయి. వాళ్లకు నేల కనిపించక కాదు. ఎటు చూసినా నేలే. కనిపించినంత మాత్రాన కాలు పెట్టి నాగలి కట్టే హక్కు వస్తే అడగాల్సిన పనేముంది? వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాకే కాలికింద నేల వచ్చింది. భూదానోద్యమమూ, ఊరి పేరుకు ముందు భూదాన్ అనే మాటా అక్కణ్ణుంచే. బొమ్మకు ఇవేవీ అక్కర్లేదు. పట్టా లేకుండానే దిగిపోతుంది.

తృతీయ సూత్రం

మరుగుపడ్డ సందు అతుకే.

తాత్పర్యం: రెండు దారుల మధ్య ఎడం ఉండి, ముందు ఒక స్తంభం అడ్డొచ్చి ఆ ఎడాన్ని కప్పితే, దారి ఏకంగా ఉన్నట్టే లెక్క.

విశేషాలు: కన్ను స్వభావతః దయగలది. తెగిన గీతను తనే కలుపుకుంటుంది. 1955లో ఇటలీ మనస్తత్వవేత్త గయెటానో కనిజ్సా, ముక్క కోసేసిన మూడు నల్లటి బిళ్లలను పేర్చి, మధ్యలో ఎవరూ గీయని తెల్లటి త్రిభుజాన్ని అందరికీ చూపించాడు. ఈ ఒక్క సూత్రానికి పెదనాయన సగం తలూపాడు. చిట్కి బట్టలో ఏ బొమ్మకూ అంచు కత్తితో కోసినట్టు ఉండదు. కట్టు కిందికి రంగు ఇంతింత పాకుతుంది, నేతలో పోగు అంతంత జరుగుతుంది. ఏనుగు చెవి దగ్గర ముక్కు పెట్టి చూస్తే చెవి లేదు, చెదిరిన చుక్కలున్నాయి. ఒక బార వెనక్కి జరిగితే చెవి ఊగుతోంది కూడా. సగం తల ఎందుకూపాడంటే, ఆ చెదురు ఎంతవరకు ఉంటే అందం, ఎక్కడ దాటితే తప్పు అన్నది ఆయనకు తెలుసు. బేరమాడే సేటుకూ తెలుసు, అందుకే.

చతుర్థ సూత్రం

మరుగుపడ్డ గుంట లేనిదే.

ప్రతిపదార్థం: మరుగుపడ్డ = అడ్డము వచ్చుటచే కనరాని; గుంట = పడుటకు వీలైన ఖాళీ; లేనిదే = లేనే లేనిది.

తాత్పర్యం: దారిలో గుంట ఉంది. కట్టడాన్ని తిప్పి దాని ముందుకు ఏ స్తంభాన్నో తెస్తే గుంట కనిపించదు. కనిపించదు కనుక లేదు. బొమ్మ దాని మీంచి నిశ్చింతగా నడుస్తుంది.

విశేషాలు: అలంకారం అపహ్నవం. ఉన్నదాన్ని లేదని ఇంకోటి అనడం అపహ్నవ లక్షణం. ఇక్కడ లేదనడంతోనే ఊరుకున్నారు గనుక సగం అపహ్నవం.

ముందుగా ఒక ఆక్షేపం. పెదనాయనది గుంట మగ్గం. నేలలో గుంట తీసి కాళ్లు అందులో పెట్టి కర్రలు తొక్కుతాడు. వీధి తలుపు దగ్గర నిలబడి చూస్తే గుంట మరుగున పడి, ఆయన నేల మీదే చదికిలబడినట్టు ఉంటుంది. సూత్రం నిజమైతే గుంట లేదు. గుంట లేకపోతే కాళ్లు లేవు. కాళ్లు లేకపోతే తొక్కుడు లేదు. తొక్కుడు లేకపోతే చీర లేదు. చీర ఎదురుగా పెరుగుతోంది. కాబట్టి సూత్రం బాధితం. ఈ వాదానికి పూర్వపక్షి, "మామా, నువ్వు తలుపు దగ్గరికి పోయినవా, ముందు ఇటు రా" అన్నాడు. అంత బలహీనమైన సమాధానానికి ఖండన అనవసరం.

అసలు సంగతి వేరే. ఈ సూత్రం మీద నడిచే వ్యాపారం ఒకటుంది. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది; అంతకు ముందూ ఆ తర్వాతా కూడా మిల్లు బట్ట మీద అవే గళ్లు, అవే చిలుకలు అచ్చొత్తి ఆ పేరుతోనే అమ్ముతున్నారు. దుకాణంలో మడత విప్పి వెలుగు కింద పరిస్తే చిలుక చిలుకే, గడి గడే. మధ్యలో లేనిదల్లా ఆసు, కట్లు, మూడుసార్లు ముంచిన రంగు, అంచు దగ్గర ఆగిన వేలు. అవి మరుగున పడ్డాయి గనుక లేకున్నా ఫరవాలేదన్నది అచ్చు బట్ట సిద్ధాంతం.

దీనికి పెదనాయన ఖండన మాటల్లో లేదు. బల్ల మీది తుండుగుడ్డ తీసి తిరగేశాడు. నూలుకే రంగు పట్టింది గనుక చిట్కి బట్టకు ఇటుపక్కా అటుపక్కా ఒకటే. అచ్చు బట్ట తిరగేస్తే వెలవెలబోతుంది. పూర్వపక్షి ఊరుకోలేదు: "పల్చటి బట్టకైతే అచ్చు అవతలికి గుడ దిగుతది కద తాతా?" దిగుతుంది. అప్పుడు అంచుల చెదురు చూడాలి. పేకకు కట్లు కట్టినదైతే చెదురు పేక పోయిన దిక్కుకే, అడ్డంగానే పాకుతుంది. పడుగుకు కట్టినదైతే నిలువుగానే. అచ్చులో చెదురు ఎటు పడితే అటు ఉంటుంది. పైగా ఒక చిలుక ముక్కు దగ్గర ఎట్లా చెదిరిందో పదో చిలుక ముక్కు దగ్గరా అట్లాగే చెదురుతుంది. చేతిపనికి తప్పును కూడా తు.చ. తప్పకుండా తిరిగి చేయడం రాదు.

వ్యాఖ్యాతకు ఇక్కడే గ్రంథం మీద గౌరవం పెరిగింది, కోపమూ పెరిగింది. గేమ్‌లోనూ తిప్పడమే పని, మగ్గం ఇంట్లోనూ తిప్పడమే పరీక్ష. అక్కడ తిప్పితే గుంట మాయమవుతుంది. ఇక్కడ తిప్పితే బయటపడుతుంది. ఎకోక్రోమ్ ఎవరినీ మోసం చేయదు, నియమం ముందే చెప్పి ఆడిస్తుంది. ఆ నియమాన్ని చెప్పకుండా వాడుకునేవాడి మీదనే మా కోపం.

పంచమ సూత్రం

ఎగిరినవాడు కనిపించినదాని మీద దిగును.

స్పష్టం.

"స్పష్టమైతే ఎగిరించి చూపియ్ మామా, నేను రెండు రోజులాయె ఈ ఒక్క ఘట్టం కాడనే ఆగిపోయిన" అని పూర్వపక్షి యంత్రం మా చేతిలో పెట్టాడు. తిప్పాం. బొమ్మ ఎగిరింది, తెర బయటికి పోయింది, ఎక్కడి నుంచి బయలుదేరిందో అక్కడే మళ్లీ పుట్టింది. ఇంకోవైపు తిప్పాం. మళ్లీ పుట్టింది. పెదనాయన నాడె ఆపి మెడ చాచి చూడటం మొదలుపెట్టాడు. పంచమ సూత్రం గురించి చెప్పవలసినది ఇంకా చాలా ఉన్నా, గ్రంథవిస్తర భీతిచేత ఇంతటితో విరమిస్తున్నాం.