ప్లస్ ఒకటిన్నర

రాజమండ్రి ఎండల్లో పుట్టి, కరెంటాఫీసులో ముప్ఫై నాలుగేళ్లు చెమటలు కక్కి రిటైరైన మనిషికి మంచు గురించి ఎంత తెలియాలో, మా పెద్ద తోడల్లుడికి అంతకు పదిరెట్లు తెలుసు. మంచును కళ్లారా చూడకముందే తెలుసు. నా బాధంతా అక్కడే.

జనవరిలో గుల్మార్గ్‌కి టిక్కెట్లు తీసిన నాటినుంచే సాధన మొదలైంది. వదిన పెరుగన్నం వడ్డించగానే "ఆగు" అని కంచాన్ని ఫొటో తీశారు. అన్నం బూడిదరంగులో వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా తమ్ముడూ, మీటరు మోసపోయింది!" కరెంటాఫీసు మనిషి మీటరు మోసానికి అంత సంబరపడటం నేను చూడలేదు.

కెమెరాలో మీటరుకి ఎదురుగా ఉన్నది బొగ్గో మంచో తెలియదట. ఏదైనా నడిమిరకం బూడిదరంగే అనుకుని లెక్క కడుతుందట. ఎదురుగా అంతా మంచే అయితే "అబ్బో, వెలుగెక్కువైంది" అని తగ్గించేస్తుంది. మంచు కాస్తా మాసిన పంచెలా వస్తుంది. అందుకని వెలుగుని మనమే ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా పెంచుకోవాలి. అన్నయ్యగారు ఒకటిన్నర దగ్గర బేరం ఖాయం చేశారు. ఆ తర్వాత మా ఇళ్లల్లో "ప్లస్ ఒకటిన్నర" అన్నమాట వినపడని పూట లేదు.

పిమ్మట బట్టల మీద పడ్డారు. వదిన ముచ్చటపడి కొనుక్కున్న మీగడరంగు స్వెట్టరు చూసి "మజ్జిగలో వెన్నముద్దలా కనపడకుండా పోతావు" అని తీసి పక్కన పెట్టించారు. అందరికీ ఎరుపో పసుపో. శ్రీనగర్‌లో దిగేసరికి మా ఎనిమిదిమందిమీ అమ్మవారి జాతరకి బయల్దేరినట్టున్నాం.

చలికి బ్యాటరీ తొందరగా డీలా పడుతుంది. అది నిజమే, నా ఫోను నలభై శాతం చూపిస్తూనే గుడ్లు తేలేసింది. ఆయన మాత్రం మూడు బ్యాటరీలను బనీను లోపల జేబు కుట్టించుకుని మోశారు. రాత్రి వాటిని దుప్పట్లో పక్కనే పడుకోబెట్టి కప్పుతుంటే వదిన చూసి, "నలభై ఏళ్ల కాపురంలో నన్నెప్పుడైనా ఇంత వెచ్చగా చూసుకున్నారా?" అంది. "నువ్వు డిశ్చార్జి అవ్వవుగా" అన్నారాయన. ఇది పొగడ్తో కాదో వదిన ఇంకా తేల్చుకోలేదు.

నడినెత్తిన ఎండకి మంచు చదునుగా, సున్నం కొట్టిన గోడలా కనపడుతుంది. పొద్దు వాలుగా ఉన్నప్పుడైతే ప్రతి గుంటకీ నీడ పడి రూపం తేలుతుంది. నేనూ కాదనను. కానీ జనవరిలో అక్కడ ఏడున్నర దాటితే గాని సూర్యుడు లేవడు. మమ్మల్ని లేపింది అయిదింటికి. సూర్యుడే ముసుగుతన్ని పడుకున్న ఊళ్లో మేం గమ్‌బూట్లు తొడుక్కుని చీకట్లో వరసగా నిలబడ్డాం.

తెల్లారింది. ఎదుట దేవదారు చెట్లు, వాటి కింద ఒక్క అడుగైనా పడని మంచు. "ఎవరూ కదలొద్దు! అడుగులు పడతాయి!" కనుమనాడు రథం ముగ్గు చుట్టూ పిల్లలు తచ్చాడినట్టు అంచునే అందరం ఆగిపోయాం. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నారు. లేచారు. లెన్సు మీదికి ఊపిరి వదలొద్దని నన్ను కసిరారు. మళ్లీ కూర్చున్నారు. ఇంతలో వాళ్ల మనవడు, అయిదేళ్ల వెధవాయి, "తాతా, మంచూ!" అని అరుస్తూ ఆ చివరినుంచి ఈ చివరికి అడ్డంగా పరిగెత్తి, మధ్యలో ఒకసారి పొర్లి, లేచి, వెనక్కి కూడా వచ్చాడు. చేతులు జోడించుకున్నట్టున్న ఆ దేవదార్ల ముందు అన్నయ్యగారు రెండు నిమిషాలు మౌనం పాటించారు.

గొండోలా అనే కేబుల్ కారులో రెండో అంచె ఎక్కి అఫర్వత్ కొండ దాకా వెళ్లాం. దాదాపు 13,000 అడుగులు. పళ్లు టకటకలాడుతుంటే అక్కడొక ప్రసంగం. అమెరికాలో వెర్మాంట్ అనే చోట విల్సన్ బెంట్లీ అని ఒక రైతు, 1885లో మైక్రోస్కోపుకి కెమెరా బిగించి మంచురేకుని ఫొటో తీశాడట, జీవితంలో అయిదువేలకు పైగా తీశాడట. ఇది చెబుతూనే, రేకులు నల్లటి గుడ్డ మీద బాగా తేలతాయని వదిన భుజాల మీది నల్ల శాలువా లాక్కోబోయారు. వదిన శాలువా వదల్లేదు. "ఆ బెంట్లీగారు ఎలా పోయారండీ?" అని అడిగింది. "మంచు తుఫానులో నడిచి... నిమోనియా వచ్చి" అన్నారు, ఎందుకన్నానా అన్నట్టు. శాలువా వదిన భుజాల మీదే ఉండిపోయింది.

చలిలోంచి కెమెరాని ఒక్కసారిగా హీటరు గదిలోకి తెస్తే లోపలా బయటా చెమ్మ పడుతుంది. బయటే గాలి చొరని కవర్లో మూసి, గది వేడికి మెల్లగా అలవాటు పడనివ్వాలి. పెద్ద జిప్ కవరు మాకున్నది ఒక్కటే. అందులో కందిపొడి ఉంది. పొడి కాగితంలోకి వెళ్లింది, కెమెరా కవర్లోకి వెళ్లింది. ఆ రాత్రి కెమెరాని బయటికి తీసినప్పుడు నాకు నిజంగా నెయ్యి గుర్తొచ్చింది.

ఇన్ని అన్నాను గాని, తిరిగొచ్చాక రెండిళ్లవాళ్లమూ కూర్చుని టీవీలో ఫొటోలు చూశాం. నావి ముందు వేశారు. మంచు సిమెంటు రంగులో ఉంది, దాని మీద మేం నల్లగా, పరారీలో ఉన్నవాళ్లలా ఉన్నాం. ఆయనవి వేశారు. మంచు తెల్లగా, రవ్వ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. నీడలు లేత నీలం. మనవడు పొర్లిన చోట గుంట కూడా అందంగానే వచ్చింది. మా ఆవిడ "బావగారూ, ఇవి అచ్చు వేయించండి" అంది. నావైపు చూడలేదు.

మొన్న డిసెంబరులో మేమిద్దరం లంబసింగి వెళ్లాం. ఆంధ్రా కాశ్మీర్ అంటారు గాని అక్కడ కనపడేది పొగమంచు. చెరువులవేనం కొండమీద కొత్తగా పెళ్లయిన జంట సెల్ఫీ తీసుకుంటున్నారు. నా పాటికి నేను టీ తాగొచ్చు కదా. "బాబూ, తెర మీద వేలు పెడితే సూర్యుడి బొమ్మ వస్తుంది చూడు, దాన్ని కాస్త పైకి జరుపు. ప్లస్ ఒకటిన్నర" అన్నాను. "అమ్మాయ్, ఆ తెల్ల చున్నీ తీసెయ్, ఎర్రది లేదూ?" అని కూడా అన్నట్టు మా ఆవిడ చెబుతోంది. నాకు గుర్తులేదు.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. మా ఆవిడ వెంటనే వాళ్లక్కకి ఫోను చేసింది. సాయంత్రానికి నాకు అన్నయ్యగారి ఫోను వచ్చింది.

"తమ్ముడూ, పొగమంచుకి ఒకటిన్నర ఎక్కువ. ఒకటి చాలు."