తెల్లవారితే ఆదివారం

మా ఆవిడ నా భార్యేనని అమెరికా ప్రభుత్వాన్ని ఒప్పించే బాధ్యత నా నెత్తిన పడింది. పెళ్లికొచ్చిన వాళ్లంతా ఆ సంగతి ఒప్పుకుని, అక్షింతలేసి, పనసపొట్టు కూర మారు వడ్డించుకుని మరీ వెళ్లారు. కానీ వాళ్లలో ఒక్కరూ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్ అనే ఊళ్లో ఉండరు. వలస వీసా కాగితాలన్నీ వెళ్లి చేరే నేషనల్ వీసా సెంటర్ అక్కడుంది.

నేను న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇంకొకళ్లు రాసిన ప్రోగ్రాము ఎక్కడ తప్పుతుందో వెతకడం నా వృత్తి. పౌరసత్వ ప్రమాణం చేసి, తణుకొచ్చి పెళ్లి చేసుకుని, తిరిగి వెళ్లగానే ఐ-130 అర్జీ పెట్టాను. పౌరుడి భార్యకి కోటా ఉండదు, వీసా నంబరు కోసం వరసలో నిలబడక్కర్లేదు. కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నడిచొచ్చేదాకా కూర్చోవాలి, అంతే. అర్జీ గట్టెక్కాక వీసా రుసుం 325 డాలర్లు, ‘ఈవిడని నేను పోషిస్తాను’ అని నేనిచ్చే హామీపత్రాన్ని చదివిపెట్టినందుకు మరో 120 డాలర్లు కట్టి, వీసా దరఖాస్తు డీఎస్-260 నింపి, ఇంటర్వ్యూ తేదీ కోసం ఎదురుచూస్తుండగా నాలోని టెస్టరు నిద్రలేచాడు.

అసలు వాళ్లకి మన పెళ్లి మీద అనుమానం ఎందుకంటే, కాగితం కోసం తాళి కట్టేవాళ్లున్నారని 1986లో ఒక చట్టం చేశారు. పెళ్లయి రెండేళ్లు నిండకుండా భార్య ఆ దేశంలో అడుగుపెడితే రెండేళ్లకే చెల్లే గ్రీన్‌కార్డు చేతిలో పెడతారు. గడువు తీరడానికి ముందు 90 రోజుల్లోగా మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి, ఇంకా కలిసే ఉన్నామని ఐ-751 పెట్టుకోవాలి. రెండేళ్లు దాటాక అడుగుపెడితే ఆ షరతే లేదు. అంటే ఆఫీసులో కాగితం ఎంత నిదానంగా నడిస్తే మన కాపురం మీద వాళ్లకి అంత గురి. ఆవిడ తణుకులో, నేను ఎడిసన్‌లో ఉన్న కాలమంతా కూడా కాపురం కింద జమే. ఈ సూత్రం మా మావయ్యగారికి తెగ నచ్చింది. ఆయన పంచాయతీరాజ్‌లో హెడ్ గుమాస్తాగా రిటైరయ్యారు. ఆలస్యానికి ఇంత మర్యాదిచ్చే ప్రభుత్వాన్ని సర్వీసు మొత్తం మీద చూడలేదన్నారు.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. మా ఆవిడ పుట్టింది అమ్మమ్మగారి ఊళ్లో. అక్కడి జనన రిజిస్టరులో ‘ఆడ శిశువు’ అని మాత్రమే ఉంది, పేరు లేదు. ఆ ఆడ శిశువూ ఈ పెళ్లికూతురూ ఒకరేనని ముందు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పుకుంటే కదా, అమెరికా సంగతి. మావయ్యగారు పాత చేతిసంచీ, కళ్లజోడూ తీసి రంగంలోకి దిగారు. రోజూ పొద్దున్నే నాకు వాయిస్ మెసేజ్: ‘‘అల్లుడుగారూ, ఫైలు కదిలింది.’’ సాయంత్రం ఇంకోటి: ‘‘ఫైలు ఆగింది. కంగారు లేదు, ఎక్కడ ఆగిందో తెలిసింది.’’ రిటైరయ్యాక ఆయన ఇంత కళగా ఎప్పుడూ లేరని అత్తయ్యగారు మురిసిపోయారు. నోటరీ అక్కర్లేదని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినకుండా ప్రతి కాగితానికీ చేయించారు. ఆఖరికి శుభలేఖకి కూడా. విఘ్నేశ్వరుడి బొమ్మ పక్కన గుండ్రటి సీలు, దాని కింద పచ్చ ఇంకు సంతకం.

ఆ సీలు పడ్డ శుభలేఖని స్కాన్ చేస్తుంటే నాకు గుండె జారింది. ముహూర్తం ‘శనివారం రాత్రి 2-47 గం.లకు (తెల్లవారితే ఆదివారం)’ అని ఉంది. మన లెక్కలో సూర్యుడొచ్చేదాకా శనివారమే. వాళ్ల లెక్కలో అర్ధరాత్రి దాటితే ఆదివారం. శుభలేఖ మీద అచ్చేసిన తేదీ శనివారానిది, రిజిస్ట్రారు ఇచ్చిన ధ్రువపత్రంలో తేదీ ఆదివారానిది. మా అమ్మని అడిగితే రెండూ కాదు, మాఘ శుద్ధ త్రయోదశి అంది. జీలకర్రా బెల్లం నెత్తిన పెట్టుకున్న క్షణమే పెళ్లని పురోహితుడు, కాదు మూడుముళ్లని మేనత్త. సప్తపది జరిగే పెళ్లయితే ఏడో అడుగుతోనే పూర్తయినట్టని 1955 నాటి హిందూ వివాహ చట్టం, ఏడో సెక్షను. ఆ ఏడో అడుగు ఎన్నింటికి పడిందో చూద్దామని పెళ్లి వీడియో అంతా తిరగేశాను. నాలుగో అడుగు దగ్గర కెమెరా అతను కాఫీకి వెళ్లాడు.

దాంతో నేను ఇంగ్లిషులో రెండు పేజీల వివరణ రాశాను. సూర్యోదయం, తిథి, వారప్రవేశం, భూభ్రమణం, కింద ఒక పటం. మా ఆవిడ ఓపిగ్గా చదివి, ‘‘అడిగితే ఆదివారం అని చెబుతాను. అంతేగా?’’ అంది.

తర్వాత ఫొటోలు. దంపతులు కలిసి ఉన్న ఫొటోలు వేర్వేరు సందర్భాల్లోవి ఉంటే మంచిదంటారు. మావి ఎన్ని సందర్భాలని! కరిజ్మా ఆల్బమ్ తెరిస్తే మొదటి పేజీలో నయాగరా జలపాతం ముందు మేమిద్దరం, రెండో పేజీలో మంచుకొండల మధ్య హంసలతో, మూడో పేజీలో ఈఫిల్ టవర్ కింద, కాళ్లకి పారాణితో. తాడేపల్లిగూడెం దాటి మేం కలిసి ఎక్కడికీ వెళ్లలేదు. ఈ ఆల్బమ్ ఆఫీసరు చేతిలో పడితే పారిస్ ఎప్పుడెళ్లారు, పాస్‌పోర్టులో ముద్ర ఏదీ అని అడగడూ? టవర్లూ హంసలూ లేనివి ఏరితే మిగిలినవి మంటపం ఫొటోలు. వాటిలో ఆవిడ తల వంచుకుని కాళ్ల వేళ్లు చూస్తోంది, నేను బ్రహ్మగారి పెదాలు చూస్తున్నాను. ఇద్దరికీ ముఖపరిచయం ఉన్నట్టు ఒక్క ఫొటో లేదు. తలంబ్రాలప్పుడు ఇద్దరం పగలబడి నవ్వుతున్నది ఒకటి దొరికింది గానీ, మా ఇద్దరి మధ్యలోంచి మెడ చాచి ఒక పెద్దాయన కెమెరాలోకి చూస్తున్నారు. మీ తరఫేమో అని మేం, మీ తరఫేమో అని వాళ్లు. ఆయన్ని కత్తిరిస్తే నా భుజం కూడా పోతుంది. అలాగే ఉంచేశాం.

ఫోన్ సంభాషణల సంగతి మరీ ఘోరం. న్యూజెర్సీకి తణుకు వేసవిలో తొమ్మిదిన్నర గంటలు ముందు, చలికాలంలో పదిన్నర. నేను టిఫిన్ తినేవేళకి ఆవిడ రాత్రి భోజనం. అందుకని మా వాట్సాప్ మొత్తం ఇలా ఉంటుంది: ‘తిన్నారా?’ ‘తిన్నా. నువ్వు?’ ‘తిన్నా.’ ‘ఏంటి?’ ‘ఉప్మా. నువ్వు?’ ‘దొండకాయ.’ మధ్యలో ఆరంకెల ఓటీపీలు. నా ఇండియా సిమ్ ఆవిడ దగ్గరుంది, నా బ్యాంకు పన్లన్నీ దాని మీదే నడుస్తాయి. ఏడాదిన్నర దాంపత్యం ప్రింటు తీస్తే ఒక హోటల్ మెనూ, ఒక బ్యాంకు రికార్డూ కలిపి కుట్టినట్టుంది. ఇందులో ప్రేమ ఎక్కడుందని ఆఫీసరు అడిగితే ఏ పేజీ చూపించను? కాస్త అనురాగం కలుపుదామని ఓ రోజు ‘నీ నవ్వు గుర్తొస్తే ఇక్కడి మంచు కూడా వెచ్చగా ఉంటుంది’ అని పెట్టాను. పది నిమిషాలు ఏ చప్పుడూ లేదు. తర్వాత జవాబు: ‘ఫోన్ ఎవరి చేతిలో ఉంది?’ వెంటనే మావయ్యగారి కాల్: ‘‘అల్లుడుగారూ, మీ అకౌంటు గానీ హ్యాక్ అయిందా?’’

ఇంకో రకంగా తయారవుదామని ‘గ్రీన్ కార్డ్’ సినిమా చూశాను. 1990లో పీటర్ వియర్ తీసింది. జెరార్ డెపార్డ్యూ, ఆండీ మెక్‌డోవెల్ కాగితాల కోసమే పెళ్లి చేసుకుని, అధికారులు అడుగుతారని ఒకళ్ల అలవాట్లు ఒకళ్లు బట్టీపడతారు. నేను నోట్సు రాసుకుంటూ చూశాను. సగం సినిమా అయ్యాక గానీ తట్టలేదు, అది దొంగ పెళ్లి వాళ్ల సిలబస్ అని. అయినా అప్పటికే ప్రశ్నల జాబితా సిద్ధమైపోయింది. టెస్టరు రాసుకున్న ప్రశ్నలు వృథా పోనివ్వడు.

ఒక ఆదివారం వీడియో కాల్‌లో టై కట్టుకుని కూర్చుని ఆఫీసర్ని అయ్యాను. అటువైపు మా ఆవిడ, వెనకాల మంచం మీద అత్తయ్యగారు బీరకాయ చెక్కు తీస్తూ.

‘‘మీ ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు ఏమనిపించింది?’’

‘‘ఫొటోలో కంటే జుట్టు తక్కువుందనిపించింది.’’

‘‘అలా కాదు. మంచి మాట ఏదైనా...’’

‘‘ఉన్న జుట్టు నల్లగా ఉంది.’’

‘‘ఆయన్నే ఎందుకు చేసుకున్నారు?’’

‘‘అంతకుముందు వచ్చిన భీమవరం సంబంధం జాతకాల దగ్గర కుదర్లేదు.’’

భీమవరం సంబంధం మాట నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆఫీసరు హోదాలో ఉన్నాను కాబట్టి గుక్క మింగి తర్వాతి ప్రశ్నకి వెళ్లాను.

‘‘ఆయన అభిరుచులేంటి?’’

‘‘ఫోను.’’

‘‘పుస్తకాలు చదవడం అని చెప్పు.’’

‘‘ఏ పుస్తకం అనడిగితే? ముందు ప్రమాణం చేయించి గానీ అడగరని మీరేగా చెప్పారు. ఒట్టేసి మీకు పుస్తకాలంటే ఇష్టమని నేను చెప్పలేనండీ.’’

అత్తయ్యగారు బీరకాయ పక్కన పెట్టి, ‘‘భీమవరం అబ్బాయి పుస్తకాలు బాగా చదివేవాడు’’ అన్నారు, ఎవర్నీ ఉద్దేశించకుండా.

ఆవిడ చెప్పినవన్నీ నిజాలే, ఏ ఆఫీసరైనా నమ్మేవే. నేను దిద్దినవే అచ్చం నకిలీ పెళ్లివాళ్లు చెప్పే జవాబుల్లా ఉన్నాయి. శుభ్రమైన పెళ్లిని పట్టుకుని దొంగ పెళ్లిలా తోమి పెట్టింది నేను. అయినా టై విప్పలేదు. ముప్పై ఏడో ప్రశ్న దాకా లాగాను. కరెంటు పోయి ఆవిడ బతికిపోయింది.

ఐ-864 చదివిన రోజు మాత్రం అత్తయ్యగారికి అమెరికా మీద గౌరవం పుట్టింది. పోషణ హామీపత్రం అంటే అదే. నా ఆదాయం పేదరికపు గీతకి కనీసం 125 శాతం ఉండాలి. 1996 చట్టం తర్వాత ఇది ఉత్తుత్తి సంతకం కాదు, కోర్టులో చెల్లే ఒప్పందం. భార్య పౌరురాలయ్యేదాకా, లేదా ఆవిడ ఖాతాలో సుమారు పదేళ్ల పనికి సరిపడా 40 త్రైమాసికాలు జమయ్యేదాకా నా పూచీ పోదు. విడాకులిచ్చినా పోదు. ఈ ఆఖరి ముక్క మావయ్యగారు రెండుసార్లు పైకి చదివారు. ‘‘నాతిచరామి అని ఈయన చేత కూడా అనిపించారు గానీ, దానికింద సంతకం ఎవరు పెట్టించారండీ?’’ అని అత్తయ్యగారు ఆయన వంక చూసిన చూపుకి ఆయన పేజీ తిప్పేశారు. ఆ కాగితం ఒక కాపీ ఇప్పుడు వాళ్ల బీరువాలో నగలపెట్టె పక్కనుంది. అసలు మా కాగితాలన్నిట్లోకీ లామినేషన్ చేయించింది అదొక్కటే.

పోలీస్ క్లియరెన్సు, ఎక్స్‌రే, రక్తపరీక్ష, టీకాలు అన్నీ అయిపోయాయి. చిన్నప్పుడు వేయించినవాటికి కాగితం లేదు కాబట్టి రెండు చేతులకీ మళ్లీ సూదులు. ఆ ఒక్క విభాగంలో నా సలహా ఎవరూ అడగలేదు.

ఇంటర్వ్యూ ముంబైలో. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో 34 కోట్ల డాలర్లతో కట్టి 2023లో తెరిచిన అమెరికా కాన్సులేటు ఉంది, దానికి 54 వీసా కిటికీలున్నాయి. చదువులకెళ్లేవాళ్లకీ, చూడ్డానికెళ్లేవాళ్లకీ అక్కడ పనవుతుంది. కాపురానికెళ్లే మా ఆవిడకి మాత్రం బాంద్రా కుర్లా కాంప్లెక్స్. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు అప్పటికే చేసొచ్చిన మావయ్యగారికి దీంతో పెద్ద ధర్మసందేహం వచ్చింది. స్వామి పరిధి హైదరాబాద్ కాన్సులేటు వరకేనా, ముంబై కూడా వస్తుందా? సిద్ధివినాయకుడికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలా? సర్వీసు అలవాటు ప్రకారం కాపీ టు అని ఆయనకీ ఒక కొబ్బరికాయ కొట్టించారు.

నేను సెలవు పెట్టి వచ్చాను. మూడు ఫైళ్లు, విషయసూచిక, రంగు రంగుల చీటీలు. గేటు దగ్గర దరఖాస్తుదారు ఒక్కరే లోపలికన్నారు. ఫోను కూడా తీసుకెళ్లకూడదు కాబట్టి ఆవిడ ఫోన్ నా చేతిలో, నా ఫైళ్లు ఆవిడ చేతిలో. బయట చెట్టు కింద నాలాంటి మొగుళ్లు ఇంకొందరున్నారు. అందరం గేటు వంక చూస్తూ, ఎవరి ప్రశ్నల జాబితా పెద్దదో మాట్లాడుకున్నాం.

మా ఆవిడ మధ్యాహ్నానికి చేతులూపుకుంటూ వచ్చింది. కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించారట. పెళ్లెలా కుదిరింది, ఆయన మళ్లీ ఎప్పుడొచ్చారు అని అడిగారట. ఫొటోల్లో ఒక్కటే చూశారట. మధ్యలో ఉన్న పెద్దాయన ఎవరని అడిగితే తెలియదందిట. ఆఫీసరమ్మ నవ్వి, తన పెళ్లిలో కూడా అలాంటి ఆయన ఒకరున్నారందిట. సూర్యోదయ వివరణ ఫైల్లోంచి బయటికే రాలేదు.

‘‘ఆయన ఏం పని చేస్తారని అడిగారా?’’ నేను ఆ ఒక్క జవాబు పదహారు పదాల్లో బట్టీ పట్టించాను.

‘‘అడిగారు. ఇంకొకళ్ల పన్లో తప్పులు వెతుకుతారని చెప్పాను. ఉద్యోగం అడిగాను గానీ స్వభావం కాదందావిడ. రెండూ ఒకటేనన్నాను. పాస్‌పోర్టు తీసుకుని, వీసా ఇస్తున్నామంది.’’

కోరిక తీరితే చిలుకూరులో నూట ఎనిమిది ప్రదక్షిణలు చెయ్యాలి. ఆ మొక్కు మావయ్యగారు నా పేరున మొక్కారని నాకప్పుడే తెలిసింది. మర్నాడు తెల్లవారుజామునే నా చేతిలో అంకెల కార్డూ పెన్నూ పెట్టి, ఆయనా అత్తయ్యగారూ నీడలో కూర్చున్నారు. మా ఆవిడ మాత్రం రెండు రౌండ్లకోసారి నన్ను ఆపి కార్డు తీసుకుని చూస్తోంది.

‘‘ఏవండీ, ఈ గడి రెండుసార్లు కొట్టారు. చెల్లదు, మళ్లీ తిరగండి.’’