మోక్ చెప్పిన మోక్ కథ

తన కథ చెప్పుకునేటప్పుడు కూడా ఈ మోక్ అనే బండి ‘నేను’ అనదు. దాదాపు 50,000 బండ్లు ఒకే పోలికతో పుట్టిన వంశం దానిది. ఏ ఒక్కదాని కథ మొదలుపెట్టినా చివరికి అందరి కథా అవుతుంది. అందుకని మాట్లాడుతున్నది ఒక మోకే అయినా, పక్కన నిలబడి చూసినట్టుగానే చెబుతుంది.

ముందు దాని ఆకారం. తలుపుల్లేవు, పక్క అద్దాల్లేవు. పైకప్పు అంటే ఇనప కడ్డీల మీద పరిచే గుడ్డ, అదీ అక్కర్లేనప్పుడు మడిచి పెట్టేయొచ్చు. మంచానికి పట్టెల్లాగా రెండు పక్కలా రెండు పొడవాటి రేకు పెట్టెలు ఉంటాయి. బండి బరువంతా మోసేది అవే. ఎడమ పెట్టెలో పెట్రోల్ ట్యాంకు, కుడి పెట్టెలో బ్యాటరీ. ఆ రెండింటి మధ్య బల్లపరుపు నేల, దాని మీద సీట్లు. ముందు నిటారుగా ఒక గాజు పలక, రెండు గుండ్రటి లైట్లు. చిన్నపిల్లాడు పలక మీద గీసే జీపు బొమ్మ ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

దీన్ని తలపెట్టినవాడు అలెక్ ఇసిగోనిస్. 1959లో మినీ కారుతో బ్రిటిష్ కార్ల తయారీనే మార్చేసిన ఇంజనీరు. ఇంజన్ని అడ్డంగా పెట్టడం, గేర్‌బాక్సుని ఇంజన్ కిందే అదే ఆయిల్లో నడిపించడం, ముందు చక్రాలకే బలమివ్వడం, చక్రాల్ని నాలుగు మూలలకీ నెట్టేయడం, ఇవన్నీ మినీలో ఉన్నవే. స్ప్రింగుల బదులు అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు కోన్లు. అదే సరంజామాతో సైన్యానికో తేలికపాటి బండి చేసిపెట్టాలని మినీ తయారుచేసే కంపెనీ అనుకుంది. ముందు అద్దం మడిచేస్తే బండ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి విమానంలో ఎక్కించొచ్చు. పారాచూట్‌తో కిందికి వదలొచ్చు. దాదాపు 400 కిలోల బరువే కాబట్టి ఎక్కడైనా దిగబడితే నలుగురు జవాన్లు తలో మూలా పట్టి లేపేయొచ్చు.

లెక్కంతా బాగుంది. చక్రాల దగ్గరే చిక్కొచ్చింది. అవి 10 అంగుళాలవి. నేలకీ బండి అడుగుకీ మధ్య జానెడు సందు కూడా లేదు. బాటలేని చోట బండి పొట్ట నేలకి ఆనేసింది. బ్రిటిష్ సైన్యం వద్దంది. వెనక కూడా మరో ఇంజన్ పెట్టి, నాలుగు చక్రాలూ లాగేలా ‘ట్వినీ మోక్’ అని ఒకటి చేశారు. మంచులో అది దూసుకుపోయింది, కానీ ఫ్యాక్టరీ తయారీ దాకా రాలేదు.

1964లో మామూలు జనానికి అమ్మకానికి పెట్టారు. ధర 405 పౌండ్లు. 848 సీసీ ఇంజన్, 34 హార్స్‌పవర్, రంగు ఆకుపచ్చ ఒక్కటే. ఆ ధరకి వచ్చేది డ్రైవరు సీటు మాత్రమే. పక్క సీటు కావాలంటే అదనం, హీటరు అదనం. రైతులు కొంటారని కంపెనీ ఆశపడితే, ముచ్చటపడింది మాత్రం లండన్ కుర్రకారు. వాణిజ్య వాహనం కింద లెక్కగట్టినన్నాళ్లూ కొనుగోలు పన్ను పడలేదు. తర్వాత ఎక్సైజు శాఖ దీన్ని ప్రయాణికుల కారు అని తేల్చి పన్ను వేసేసరికి స్వదేశంలో గిరాకీ పడిపోయింది. 1968కల్లా ఇంగ్లండులో తయారీ ఆపేశారు. అప్పటికి తయారైనవి 14,500 పైచిలుకు. వాటిలో పదింట తొమ్మిది పరదేశాలకే వెళ్లిపోయాయి.

ఆ ఆఖరి రోజుల్లోనే టీవీ దీన్ని ఇంటింటికీ చేర్చింది. 1967లో మొదలైన ‘ది ప్రిజనర్’ అనే ధారావాహికలో ప్యాట్రిక్ మెక్‌గూహన్ పాత్ర ఎటూ తప్పించుకోలేని ఒక ఊళ్లో చిక్కుకుంటుంది. ఆ ఊరి ట్యాక్సీలు మోక్‌లే. పైన చారల గుడ్డ, బోనెట్ మీద పాతకాలపు పెద్దచక్రం సైకిలు బొమ్మ. చిత్రీకరణ వేల్స్‌లోని పోర్ట్‌మీరియన్‌లో జరిగింది. నాలుగు వైపులా తెరిచి ఉన్న బండిని బందీలున్న ఊళ్లో తిప్పాలన్న ఆలోచన ఎవరిదోగానీ, ఈ మోక్ వారికి ఎప్పటికీ రుణపడి ఉంటుంది.

ఈ మోక్ పుట్టిల్లు మాత్రం ఇంగ్లండు కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీలోని జెట్‌లాండ్ ఫ్యాక్టరీ. ఆ దేశంలో 1966 నుంచి 1981 దాకా దాదాపు 26,000 తయారయ్యాయి. ఇసిగోనిస్ బండికి అసలు కావలసిందేమిటో అక్కడివాళ్లు పట్టుకున్నారు. 10 అంగుళాల చక్రాలు తీసి 13 అంగుళాలవి వేశారు. బండి కాస్త ఎత్తు లేచింది, మట్టిరోడ్డు మీద నడవడం నేర్చింది. 1971లో 1275 సీసీ ఇంజన్‌తో ‘కాలిఫోర్నియన్’ వచ్చింది. ఆ తర్వాత వెనక సామాను తొట్టి ఉన్న రకమూ వచ్చింది. పొలాల్లో కంచెకట్టె మోతకి, తీరప్రాంతపు ఊళ్లలో చేపల బుట్టలకి, ఆఖరికి ఆస్ట్రేలియా సైన్యానికి కూడా మోక్‌లు పనికొచ్చాయి.

ఈ మోక్ కొన్నాళ్లు చెరకు తోటల్లో తిరిగింది. ఆపైన క్వీన్స్‌లాండ్‌లో టౌన్స్‌విల్ ఎదురుగా ఉండే మాగ్నెటిక్ ద్వీపంలో అద్దెబండి అయింది. సెలవులకొచ్చినవాళ్లు తడిబట్టలతోనే ఎక్కేవాళ్లు, కాళ్ల నిండా ఇసుక. సాయంత్రం గొట్టంతో నీళ్లు కొడితే అన్నీ కొట్టుకుపోయేవి. కార్పెట్టు లేదు, నానిపోయే మెత్త లేదు. సేషెల్స్, బార్బడోస్ వంటి ద్వీపాల్లోనూ మోక్‌లను అద్దెకు తిప్పింది ఈ సౌలభ్యం వల్లే.

ఇప్పుడు దీని యజమాని ఒక రిటైర్డ్ టీచరమ్మ. మెకానిక్ దగ్గర నేర్చుకోకపోయినా సగం పని ఆవిడకి వచ్చేసింది. బోనెట్ ఎత్తితే ప్లగ్గులు, కార్బురేటర్, రేడియేటర్ అన్నీ చేతికందే దూరంలోనే ఉంటాయి మరి. మినీ వంశానికి ఒక పాత జబ్బుంది. కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా ముందు జాలీ వెనకే ఉంటుంది. జోరువాన తగిలితే తడిసి ఇంజన్ ఆగిపోతుంది. దానికి ఆవిడ చేసిన వైద్యం మినీ సొంతదారులు ఏళ్లుగా చేస్తున్నదే: గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగు ఒకటి తెచ్చి వేళ్ల కొసలు కత్తిరించింది. నాలుగు వేళ్లలోంచి నాలుగు ప్లగ్ వైర్లు, బొటనవేల్లోంచి కాయిల్ వైరు లాగి, మణికట్టు భాగాన్ని డిస్ట్రిబ్యూటర్ టోపీ మీదికి బిగించింది. ఐదు వైర్లకీ ఐదు వేళ్లు అతికినట్టు సరిపోయాయి. ఆ తర్వాత వానలో ఆగలేదు.

ఇంత వెలితి ఉన్న బండిని జనం ఎందుకు ఇష్టపడతారంటే, ఈ మోక్‌కి తోచింది ఒకటే: నడిపేవాడికీ లోకానికీ మధ్య అడ్డమేమీ లేదు. 60 కిలోమీటర్ల వేగమే 100లా అనిపిస్తుంది. యూకలిప్టస్ వాసన, రోడ్డు పక్క కాలుతున్న చెరకు ఆకు పొగ, ముందెళ్తున్న లారీ వేడి, అన్నీ నేరుగా ముఖానికే తగులుతాయి. సిగ్నల్ దగ్గర ఆగితే పక్కవాళ్లు పలకరిస్తారు. అద్దం దించాల్సిన పని లేదుగా! మరమ్మతు వచ్చినా భయం లేదు. మినీ సామాను ఇప్పటికీ దొరుకుతుంది. మోక్ రేకు ముక్కలు చాలావరకు చదునైనవి కావడంతో వెల్డింగ్ తెలిసినవాళ్లు కొత్తవి వంచి అతికేస్తారు.

దాని ప్రమాదం కూడా ఈ మోక్ దాచదు. పక్కనుంచి గుద్దితే కాచే తలుపు లేదు. పెద్ద లారీలు పోయే హైవే దీని చోటు కాదు. పిల్లల్ని ఎక్కించుకునేవాళ్లు బెల్టులు గట్టివో కావో చూసుకుని, ఊరి రోడ్ల మీదే తిప్పుకోవాలి.

ఆస్ట్రేలియా తర్వాత పోర్చుగల్‌లో 1980 నుంచి 1993 దాకా మరో 10,000 దాకా తయారయ్యాయి. 1990లో ఈ పేరుని ఇటలీ మోటార్‌సైకిల్ సంస్థ కజీవా కొనుక్కుంది. ఇప్పుడు అదే రూపంతో బ్యాటరీ మోక్‌లు కూడా వస్తున్నాయి. వాటి మీద ఈ మోక్‌కి అసూయ లేదు, ఆకారం నిలిచినందుకు సంతోషమే.

పాతదాన్నే కొనాలనుకునేవాళ్లు మాత్రం రంగు చూసి మురిసిపోకూడదు. బండి కిందికి దూరి, ఆ రెండు పక్క పెట్టెల అడుగు రేకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. ఉప్పుగాలి తగిలిన ఊరి బండి అయితే ట్యాంకు ఉన్న పెట్టెని రెండుసార్లు చూడాలి. రేకు ఖణేలుమంటే బేరం మొదలుపెట్టొచ్చు. స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతే, ఇంజన్ ఎంత బాగా మోగుతున్నా సరే, ముందు వెల్డర్‌ని పిలిచి ఖర్చెంతవుతుందో రాయించుకున్నాకే ధర మాట్లాడాలి.