బతికున్న దూరదర్శన్‌కి తద్దినాలు

శుక్రవారం సాయంత్రమైతే చాలు, యాభై దాటిన తెలుగువాడి ఫోన్లో తద్దినం మొదలవుతుంది. ముందు ఆ గుండ్రంగా తిరుగుతూ వచ్చే దూరదర్శన్ గుర్తు, వెనకాల రవిశంకర్ కూర్చిన ఆ దిగులు రాగం. "చిత్రలహరి గుర్తుందా?" అంటాడొకాయన. "శాంతి స్వరూప్ గారు, ఏడు గంటల వార్తలు..." అని మూడు చుక్కలు పెట్టి ఊరుకుంటాడు ఇంకొకాయన. ఆ మూడు చుక్కల్లో ఆయన బాల్యం మొత్తం ఉందని మనం అర్థం చేసుకోవాలి. ఇంతలో ఒక మహానుభావుడు "అంతరాయానికి చింతిస్తున్నాము" అన్న పలకని సంపాదించి పెడతాడు. దాంతో అందరి గుండెలూ చెరువులైపోతాయి. ఆనాడు ఆ పలక కనబడగానే పెట్టె నెత్తిన రెండు దెబ్బలు వేసి, ఢిల్లీ నుంచి రామంతపూర్ దూరదర్శన్ కేంద్రం దాకా అందర్నీ తిట్టినవాళ్ళే వీళ్ళు. ఇవాళ అదే పలకకి దండం పెడుతున్నారు.

దండం పెట్టుకోండి, కాదనను. కానీ తద్దినం పెట్టడానికి శాస్త్రప్రకారం ఒక చిన్న అర్హత కావాలి. అవతలి వాళ్ళు పోయి ఉండాలి.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. 1993లో ఉపగ్రహం ఎక్కింది, తర్వాత సప్తగిరి అని పేరు పెట్టుకుంది. రాష్ట్రం రెండయ్యాక అదీ రెండయింది. హైదరాబాద్ నుంచి యాదగిరి, విజయవాడ నుంచి సప్తగిరి. పోవడం మాట దేవుడెరుగు, ఒకటి రెండై కూర్చుంది. రోజూ ప్రసారాలు చేస్తూనే ఉంది. చూసేవాడే లేడు. చూడని వాడు మాత్రం వారం వారం పిండం పెడుతున్నాడు.

సరే, ఇంతకీ ఆ స్వర్ణయుగపు కార్యక్రమాల పట్టికలో ఏముండేదో ఒకసారి చూద్దాం. ప్రసారం సాయంత్రం పూట మొదలయ్యేది. అంతకు ముందు అరగంట నుంచీ రంగు చారల పలక, దాంతో పాటు చెవిలో సూది పెట్టినట్టు ఒకటే కూత. ఆ చారల్ని కూడా నలుగురు పిల్లలు గుడ్లప్పగించి చూసేవాళ్ళు. ఆ పిల్లలే పెద్దయ్యాక "మా రోజుల్లో నాణ్యత ఉండేదండీ" అంటున్నారు. వారానికి ఒక చిత్రలహరి, అందులో నాలుగైదు పాటలు. శనివారం ఒక తెలుగు సినిమా, కథానాయిక ఏడుపు మధ్యలో ఉండగా వార్తలు. ఆదివారం ఒక హిందీ సినిమా. అది మనకి అర్థం కాదు. ఆదివారం మధ్యాహ్నం అవార్డు వచ్చిన ఏ బెంగాలీ సినిమానో, మలయాళం సినిమానో. అదీ అర్థం కాదు, పైగా అందులో ఎవరూ తొందరగా మాట్లాడరు. ఈ మధ్యలో ఏ పెద్ద నాయకుడైనా కాలం చేశాడంటే చిత్రలహరి రద్దు, సినిమా రద్దు, సంతాప దినాలు పూర్తయ్యేదాకా సారంగి. దేశం దుఃఖంలో మునిగిందని పెద్దలు అనేవారు. పిల్లలు మునిగింది మాత్రం పాటలు పోయిన దుఃఖంలోనే.

ఇంకో సంగతి. "మన తెలుగు దూరదర్శన్" అని కళ్ళు తుడుచుకునేవాళ్ళలో సగం మందికి ఆ రోజుల్లో తెలుగు దూరదర్శనే అందేది కాదు. 1984లో ఊరూరా ట్రాన్స్‌మిటర్లు వేసుకుంటూ పోయారు. దేశంలో దాదాపు రోజుకొకటి చొప్పున వేశామని ప్రభుత్వం జబ్బలు చరుచుకున్న కాలం అది. ఆ చిన్న ట్రాన్స్‌మిటర్లు చాలావరకు ఢిల్లీ ప్రసారాన్ని పట్టి ఇచ్చేవే. కాబట్టి జిల్లాల్లో మనవాడు యాంటెనా కర్ర పట్టుకుని మేడ మీద ఎండలో నిలబడి, "వచ్చిందా?" అని కేక వేసి, "ఇంకొంచెం ఎడమకి!" అనిపించుకుని, చివరికి సాధించింది ఏమిటయ్యా అంటే హిందీలో వ్యవసాయం. గోధుమకి తెగులు వస్తే ఏ మందు కొట్టాలో గోదావరి ఒడ్డున వరి రైతు శ్రద్ధగా తెలుసుకున్నాడు. దూరదర్శన్‌కి ఢిల్లీ తప్ప దేశం కనబడటం లేదని పి.సి. జోషి కమిటీ ఆనాడే మొత్తుకుంది. ప్రభుత్వం ఆ నివేదికని భద్రంగా బీరువాలో పెట్టింది.

అప్పటి వార్తల నిదానాన్ని ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నారు. అరుపుల్లేవు, ఎర్ర అక్షరాల్లేవు, గ్రాఫిక్స్ మంటల్లేవు. నిజమే. కానీ ఆ నిదానం సగం సంస్కారం, సగం పైనుంచి వచ్చే అనుమతి కోసం ఎదురుచూపు. 1984 అక్టోబర్ 31 ఉదయం తొమ్మిది దాటాక ఇందిరాగాంధీ మీద కాల్పులు జరిగాయి. ఆమె ఇక లేరన్న సంగతి బీబీసీ చెప్పేసింది. దూరదర్శన్ చెప్పడానికి సాయంత్రం అయింది. దేశ ప్రధాని పోయిన వార్త దేశప్రజలకి లండన్ నుంచి తెలిసింది. దీన్ని సంయమనం అనే పెద్దమనుషులకి నా నమస్కారం. తర్వాతి ప్రధాని రోజుల్లో ఆ చానెల్‌కి జనం ఆయన పేరే తగిలించి పిలుచుకున్నారు. దానికి స్వయంప్రతిపత్తి ఇస్తామని 1990లో చట్టం చేసి, అమలు చేయడానికి 1997 దాకా కూర్చున్నారు. ఆ ఏడేళ్ళలో ఢిల్లీలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో తలుచుకుంటే, ఆ చట్టం మీద అన్ని పార్టీలకీ ఎంత ఏకాభిప్రాయమో తెలుస్తుంది.

అన్నిటికంటే నాకు ముచ్చటగొలిపేది "అప్పట్లో వీధి వీధంతా ఒకే ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళం, ఎంత ఆప్యాయతలో" అన్న వాక్యం. ఒక్క ప్రశ్న. ఎవరు ఎక్కడ కూర్చున్నారు? ఇంటాయన వాలు కుర్చీలో. బంధువులు మంచం మీద. పక్కింటివాళ్ళు చాప మీద. ఆ వెనకవాళ్ళు గడప దగ్గర. కొందరు వాకిట్లో, కొందరు కిటికీ అవతల చువ్వలు పట్టుకుని నిలబడి. ఎవరు గడప దాటొచ్చు, ఎవరు కిటికీ దగ్గరే ఆగాలన్నది ఎవరూ చెప్పనక్కర్లేదు, ఊరికి పుట్టుకతోనే తెలుసు. కిటికీ అవతల నిలబడి రామాయణం చూసినవాడిని అడగండి ఆప్యాయత గురించి. సరిగ్గా సీత కనబడే సమయానికి ఇంటాయనకి గాలి ఆడటం లేదని కిటికీ ముందు నుంచి అందర్నీ జరగమంటే, ఆ వారం కథ సగం పోయింది. అలాగే ఇంటావిడనీ అడగండి. ముప్ఫై మంది ఇంట్లో కూర్చుంటే మంచినీళ్ళు ఎవరిచ్చారు, కాఫీ ఎవరు కలిపారు, అందరూ వెళ్ళాక ఇల్లు ఎవరు ఊడ్చారు? ఆవిడకి ఆ సినిమాల్లో మొదలు తెలుసు, చివర తెలుసు. మధ్యది వంటింట్లోకి మాటలుగా వినిపించింది. ఆ రోజులే బాగున్నాయని రాసే సందేశాల కింద మగపేర్లే ఎక్కువ ఎందుకుంటాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

అయినా వాదించి లాభం లేదు. విరహం తీర్చడమే ధర్మం. అందుకని ప్రభుత్వానికి నాదొక ప్రతిపాదన: దూరదర్శన్ జ్ఞాపకాల పునరుద్ధరణ పథకం. "ఆ రోజులే వేరు" అని మూడుసార్లకు మించి రాసిన ప్రతివారూ దీనికి అర్హులు. వారింట్లో రిమోట్, వైఫై, ఓటీటీలు నెల రోజుల పాటు స్వాధీనం చేసుకోబడతాయి. బదులుగా హైదరాబాద్ ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ లాంటిది ఒకటి ఇస్తారు, నలుపు తెలుపు, చెక్క తలుపులు, తాళం కప్ప. రంగులు కావాలన్నవారికి పైన నీలం, కింద ఆకుపచ్చ ఉన్న ప్లాస్టిక్ పలక ముందు తగిలిస్తారు, అందులో హీరో నుదురు నీలంగానూ గడ్డం పచ్చగానూ కనబడుతుంది. పెట్టెకి లైసెన్సు ఉండాలి, దాని రుసుం ఏటా పోస్టాఫీసులో వరసలో నిలబడి కట్టాలి. పాటలు శుక్రవారం మాత్రమే. ఏ పాట వస్తుందో ముందు చెప్పరు, మీకు నచ్చిన పాట రెండో చరణంలో కరెంటు పోతుంది. ఎనిమిది నలభైకి ఢిల్లీ సమాచార్, మీరు వద్దన్నా వస్తుంది.

ఇంతవరకు మనవాళ్ళు ఉత్సాహంగానే సంతకం పెడతారని నాకు తెలుసు. పేచీ వచ్చేది ఆఖరి షరతు దగ్గర. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి, ఆనాటి రామాయణం వేళకి, మీ ఇంటి తలుపులు తెరిచి ఉంచాలి. పనమ్మాయి కుటుంబం, వాచ్‌మన్ కుటుంబం, ఎదుటి సందులో ఇస్త్రీ బండి అతను, అతని పిల్లలు నలుగురూ వస్తారు. మీ సోఫా ముందే కూర్చుంటారు. ఆ షరతు చదివాక ఎంతమంది మిగులుతారో చూడాలి. గేటు దగ్గర ఫోన్‌కి ఓటీపీ వస్తే తప్ప మేనల్లుణ్ణి కూడా లోపలికి రానివ్వని సొసైటీల్లో కాపురముంటూ వీధంతా ఒకే టీవీ అని కలవరించడం, నా లెక్కలో, అబద్ధంలో కూడా కొంచెం పెద్ద జాతిది.

ఇంతా తిట్టాక, నిజంగా బాధపడదగ్గది ఏదైనా ఉందా అంటే ఉంది. అయితే వీళ్ళ జాబితాలో అది కనబడదు.

ఓలేటి పార్వతీశం, విజయదుర్గ గార్లు నడిపిన "జాబులు జవాబులు" కార్యక్రమం ఉండేది. చూసేవాడు పోస్టుకార్డు ముక్క మీద నాలుగు మాటలు రాసి పడేస్తే, ఆ కేంద్రం దాన్ని బయటికి చదివి సమాధానం చెప్పేది. మొన్నటి నాటిక బాగాలేదు, మా ఊరికి బొమ్మ సరిగ్గా రావడం లేదు, ఫలానా పాట ఎందుకు వేయరు, ఇలాంటివి. నీ డబ్బుతో నడిచే సంస్థ నీకు జవాబుదారీ అన్న సంగతిని పది పైసలో పదిహేను పైసలో పెట్టి కొన్న కార్డు గుర్తుచేసేది. ఇవాళ్టి తెలుగు చానెళ్ళలో, తన మీద వచ్చిన తిట్టుని తానే చదివి వినిపించి సంజాయిషీ ఇచ్చుకునేది ఒక్కటి చూపించండి. దాని గురించి ఎవరూ మూడు చుక్కలు పెట్టరు. పొలం పనుల కార్యక్రమం గురించి ఎవరూ పెట్టరు. మధ్యాహ్నం వచ్చే యూజీసీ పాఠాల గురించి పెట్టరు. అంతకుముందు 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, అమెరికా వాళ్ళ ఉపగ్రహాన్ని అద్దె లేకుండా తీసుకుని, మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి చదువు, సేద్యం, ఆరోగ్యం చూపించిన సైట్ ప్రయోగం గురించి అసలే పెట్టరు. ఈ దేశంలో పల్లెటూరివాడి కోసం టీవీ పట్నంవాడి కంటే ముందు వెళ్ళిన సందర్భం అదొక్కటే అనుకుంటాను. దాన్నిండా పాటలు లేవు కాబట్టి జ్ఞాపకానికి పనికిరాలేదు.

శాంతి స్వరూప్ గారి సంగతీ ఇంతే. 1983 నవంబర్ 14న దూరదర్శన్‌లో తెలుగులో తొలి వార్తలు చదివిన మనిషి. టెలిప్రాంప్టర్ లేని కాలంలో, ఏళ్ళ తరబడి, రాసిన కాగితం బట్టీపట్టి మన కళ్ళలోకి చూస్తూ చెప్పారు. ఒత్తు తప్పేది కాదు, గొంతు లేచేది కాదు. 2024 ఏప్రిల్ 5న ఆయన పోయారు. ఆ రోజు తెలుగు దేశమంతా ఆయన ఉచ్చారణని మెచ్చుకుంది. మెచ్చుకుని, రాత్రి తొమ్మిదింటికి అలవాటు ప్రకారం ఆరుగురు ఒకేసారి అరిచే చర్చ పెట్టుకుని భోజనానికి కూర్చుంది. అరుపుల చానెల్ దానంతటదే బలవలేదు, దానికి రేటింగు పెట్టి మేపింది ఎవరు? శాంతమైన వార్తలు కావాలని ఫార్వర్డ్ చేసే చేతులే. అత్తాకోడళ్ళ సీరియళ్ళు చూడలేకపోతున్నామని చెప్పేవాళ్ళకి, మొన్న మంగళవారం ఎవరు ఎవరికి విషం కలిపారో వివరంగా తెలుసు.

2020లో కరోనా వచ్చి ఇళ్ళలో కూర్చోబెట్టినప్పుడు మార్చి 28 నుంచి రామాయణం మళ్ళీ వేశారు. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7 కోట్ల 70 లక్షల మంది చూశారని దూరదర్శన్ గొప్పగా ప్రకటించింది. పాతవాటి కోసమే డీడీ రెట్రో అని ఒక చానెల్ కూడా తెరిచారు. తలుపులు తెరుచుకున్నాక ఆ కోట్ల మందీ ఎటు పోయారు? ఎటూ పోలేదు. వాట్సాప్‌కి వెళ్ళి, దూరదర్శన్ పోయిందని ఏడుస్తున్నారు. ఇన్నేళ్ళ "ఆనందో బ్రహ్మ" టేపులు ఎక్కడున్నాయి, "ఋతురాగాలు" సీరియల్ మొదటి ప్రతులు ఎలా ఉన్నాయి, వాటిని సరిగ్గా భద్రపరిచారా అని కేంద్రానికి ఒక ఉత్తరం రాద్దామన్న ఆలోచన ఒక్క గుంపులోనూ నేను చూడలేదు. సమాచార హక్కు దరఖాస్తుకి రుసుం పది రూపాయలే.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. 1995 నాటి కేబుల్ టీవీ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం, కేంద్రం చెప్పిన దూరదర్శన్ చానెళ్ళని ప్రతి కేబుల్ ఆపరేటరూ ఇచ్చి తీరాలి. వాటిలో ప్రాంతీయ చానెళ్ళూ ఉన్నాయి. అంటే యాదగిరో సప్తగిరో మీరు ఈ వ్యాసం చదువుతున్న సమయానికి కూడా మీ ఇంటిదాకా వచ్చే ఉంటుంది. నంబరు తెలియకపోతే మీ కేబుల్ అతన్ని అడగండి. ఒక వారం చూడండి. బాగుంటే బాగుందని, బాగాలేకపోతే బాగాలేదని ఒక కార్డు ముక్క రాసి రామంతపూర్‌కో విజయవాడకో పంపండి. ఆ తర్వాత కూడా ఏడవాలనిపిస్తే, అప్పుడు ఫార్వర్డ్ చేయండి.