తీగ చుట్టే చెయ్యి

ఇప్పుడన్నీ తయారుగానే వచ్చేస్తున్నాయి నాయనా. దోసెల పిండి ప్యాకెట్లో వస్తుంది, పెళ్ళి భోజనం వ్యాన్‌లో వస్తుంది, ఆఖరికి ఫైరింజను హోసు కూడా రెండు చివరలా, హోసును హోసుకు కలిపే కప్లింగులు బిగించుకుని అట్టపెట్టెలో వచ్చి దిగుతోంది. ఆ కప్లింగు ఎవరు బిగించారో మనకు తెలియదు. ఆ హోసు పట్టుకుని మంట ముందు నిలబడేది ఎవరో బిగించినవాడికి తెలియదు. నాకు మింగుడుపడనిది అదే.

మా రోజుల్లో ఎవరి ఫైర్ స్టేషన్ హోసులు వాళ్ళే కట్టుకునేవాళ్ళు. ఎండాకాలమంతా గుడిసెలూ గడ్డివాములూ అంటుకుని ఊపిరి సలిపేది కాదు. వానలు పడ్డాక కాస్త తెరిపి దొరికేది. అప్పుడు షెడ్డులో నేల మీద హోసులు పరుచుకుని కూర్చునేవాళ్ళం. ఫోన్లు లేవు, కబుర్లుండేవి. కబుర్లు చెప్పుకుంటున్నా చెయ్యి మాత్రం తప్పేది కాదు.

ముందు హోసు కొస చూడాలి. నలిగిపోతే నలిగినంత మేరా కోసి పారెయ్యాలి, అదీ తిన్నగా. ఏటవాలుగా కోశావంటే ఒక పక్క కప్లింగు అంచుకు ఆనుతుంది, రెండో పక్క ఆనదు, నీళ్ళకు ఆ సందు చాలు. లోపలి రబ్బరు పొర ఎక్కడన్నా ఊడిందేమో వేలితో తడమాలి. కప్లింగుకు హోసు ఎక్కించే గొట్టం మీద గాళ్ళుంటాయి, వాటిలో పాత రబ్బరూ మన్నూ లేకుండా గీకాలి. హోసు ఎక్కనని మొరాయిస్తే సబ్బునీళ్ళు రాయాలి గానీ నూనె చుక్క తగలనివ్వకూడదు, నూనె రబ్బరును తినేస్తుంది. తీగ నేరుగా గుడ్డ మీద పడితే కోస్తుంది కనక పాత హోసు ముక్కను పట్టీగా చుట్టి, దాని మీద తీగ.

అసలు పని అక్కడ మొదలు. రాగి తీగ ఒక కొస గోడ కొక్కేనికి కట్టి, రెండో కొస పట్టీ మీద బిగించి, కప్లింగును పొట్టకు ఆనించుకుని, ఒంటి బరువంతా వెనక్కి వేసి, కప్లింగును తిప్పుకుంటూ అడుగులో అడుగేసి గోడవైపు నడవాలి. తీగ వదులు కాకూడదు, ఒక చుట్టు మీదికి ఇంకో చుట్టు అడ్డంగా ఎక్కకూడదు, రెండు చుట్ల మధ్య గోరు దూరకూడదు. ఆఖరి కొస మెలిపెట్టి సుత్తితో అణచాలి. అది లేచి ఉందంటే చీకట్లో హోసు లాగేవాడి అరచెయ్యి చీరుకుపోతుంది.

మా లీడింగ్ ఫైర్‌మన్ గారు వచ్చి తీగ మీద బొటనవేలి గోరుతో గీసేవారు. శబ్దం మొదట్నుంచి చివరిదాకా ఒకేలా పలకాలి. ఒక్కచోట తేడా వినిపించిందా, "విప్పు" అనేవారు. ఇంకో మాట లేదు. ఆయన తిట్టింది ఎవరూ వినలేదు, ఆ ఒక్క మాటకే మాకు చెమటలు పట్టేవి.

ఇంత చాదస్తం ఎందుకంటావా? 63 మిల్లీమీటర్ల హోసులో చదరపు సెంటీమీటరుకు 7 కిలోల ఒత్తిడి ఉందనుకో. అవతల నాజిల్ మూసేస్తే కప్లింగును ఊడబెరకడానికి నీళ్ళు తోసే బలం రెండు క్వింటాళ్ళ పైమాట. నీ లెక్కల మాస్టారినడుగు, అవునంటాడు. ఆ బలంతో ఊడిన గన్‌మెటల్ కప్లింగు తగిలితే మోకాలి చిప్ప మిగలదు. అందుకే కట్టాక పంపుకు కలిపి, మెల్లగా నింపి, గాలంతా పోనిచ్చి, తీగ పక్కనే హోసు మీద పెన్సిలుతో గీత గీసేవాళ్ళం. ఒత్తిడి పెంచి, కాసేపు ఉంచి, దించాక చూస్తే గీత గీసినచోటే ఉండాలి. వెంట్రుకవాసి జరిగినా మళ్ళీ మొదటికి.

ఉత్త గుడ్డ హోసు నువ్వు చూసి ఉండవు. లోపల రబ్బరుండేది కాదు. నీళ్ళు వదలగానే పొడుగునా చెమ్మగిల్లి, నూలు ఉబ్బాక తనంతట తనే సర్దుకునేది. ఆ తడి వల్ల నిప్పుల మీద లాగినా తొందరగా కాలేది కాదు. ఇప్పటి హోసు ఒంటి మీద చుక్క కనపడదు, తేలిక, ఆరబెట్టే బాధా తక్కువ. మిషను చుట్టిన తీగ కూడా తీరుగానే ఉంటుంది, కాదనను. కానీ అది కారిందంటే ఎక్కడ కారుతోందో చూసే కన్ను పోయింది.

కారడంలో రెండు రకాలున్నాయి. హోసుకూ కప్లింగుకూ మధ్య కారితే తప్పు తీగది. మేల్‌కూ ఫీమేల్‌కూ, అంటే ఒకదాన్లో ఒకటి జోడించే రెండు కప్లింగులకూ, మధ్య కారితే ముందు చూడాల్సింది ఫీమేల్‌లోని వాషరు. అది గట్టిపడి ఉంటుంది, లేదా దాని పక్కన ఇసుక రేణువు కూర్చుని ఉంటుంది, లేదా ఎవరో మేల్‌ను రోడ్డు మీద పడేసి అంచు సొట్ట చేసి ఉంటారు. మేం కప్లింగును నేలకు వదిలేవాళ్ళం కాదు, పసిపిల్లను దించినట్టు దించేవాళ్ళం. జోడించేటప్పుడు పట్టి ఉంచే రెండు లగ్గులూ టక్కుమన్నాయని చెవితో విని, వెనక్కి ఒకసారి గుంజి చూసేవాళ్ళం. కాలవ దగ్గర పంపు పెట్టి పాలెంలోకి 15 మీటర్ల హోసులు పది కలిపామంటే మధ్యలో తొమ్మిది జాయింట్లు. ఒక్కోచోట ఇంత కారుతూ పోతే చివరివాడి చేతిలోకి ఏం వస్తుంది? 4,500 లీటర్ల బండిలో నీళ్ళు మంట మీద కొడితేనే బండి పది పన్నెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అందులో రోడ్డు పాలైన నీళ్ళు ఎవరి కొంప ఆర్పుతాయి?

ఏప్రిల్ 14 వచ్చిందంటే ఇప్పుడు స్టేషన్లలో సెల్ఫీలు. 1944లో ఆ రోజునే బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి, మంటలార్పుతున్న ఫైర్ సిబ్బందిలో 66 మంది పోయారు. వాళ్ళను తలుచుకుని ఆ వారమంతా మేం ప్రతి కప్లింగూ విప్పి, కడిగి, వాషరు చూసి పెట్టేవాళ్ళం. ఫొటో ఉంటే ఉండేది, లేకపోతే లేదు.

మీ అపార్ట్‌మెంటు సంగతి చెప్పు. ప్రతి అంతస్తులోనూ అద్దం తలుపుతో ఎర్ర డబ్బా ఉంటుంది, దాని ముందు చెప్పుల స్టాండు ఉంటుంది. లోపలి హోసు కట్టిన రోజు మడత పెట్టింది పెట్టినట్టే పడి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే రబ్బరు అక్కడే చిట్లుతుంది. నాజిల్ ఏ పాత సామాన్ల కొట్టుకు చేరిందో దేవుడికెరుక. నెలనెలా మెయింటెనెన్సు కడతారు, అది దేనికని ఒక్కరూ అడగరు.

ఈ ఆదివారం ఆ చెప్పుల స్టాండు పక్కకు జరుపు. హోసు బయటికి తీసి పరుచు. తీగ వదులైందేమో చూడు, ఫీమేల్‌లో వేలు పెట్టి వాషరు మెత్తగా ఉందో లేదో నొక్కు. పంపు చూసేవాడిని పిలిచి, హోసు కొసను కిందికి దింపి, నీళ్ళు వదిలించి, కారుతోందేమో నీ కళ్ళతో చూడు. కారితే ఆ పూటే బాగు చేయించు. తరవాత ఆరబెట్టి, పాత మడత మీద కాకుండా వేరేచోట మడిచి పెట్టు. అనుమానముంటే దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌కు వెళ్ళి అడుగు నాయనా, చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు.